తొమ్మిదో నంబరు బండి, నాలుగు గిన్నెల క్యారేజీ

సోమవారం. క్యారేజీలో: అన్నం, దొండకాయ వేపుడు, ముద్దపప్పు, పెరుగు.

నీళ్ల సీసా ఇవాళ కూడా నిండుగానే తిరిగొచ్చింది. పొద్దున నేను ఎంత బిగించానో మూత అంతే బిగువుగా ఉంది. ఆ నీళ్లు కరివేపాకు కుండీలో పోశాను. ఈ మధ్య ఆ మొక్క ఏపుగా పెరుగుతోంది. మా ఆయన తాగాల్సిన నీళ్లన్నీ అదే తాగుతోంది మరి.

ఆయనకి మళ్లీ తొమ్మిదో నంబరే పడింది. వరసగా మూడో వారం. తొమ్మిది అంటే వారధి బండి. మెట్ట కాకినాడలో బయలుదేరి, మునిగిపోయిన పాత ఊరి మీదుగా కొత్త రేవు దాకా వెళ్లి వస్తుంది. దారిలో ఎక్కడా ఆగదు, కిందంతా సముద్రం. బండి దానంతట అదే నడుస్తుంది గానీ డ్రైవరు సీట్లో మనిషి బరువు ఉండాలి. బరువు లేచిందా, బండి ఉన్నచోటే నిలబడిపోతుంది, వెనక వచ్చే బళ్లన్నీ నిలబడిపోతాయి, ఆయన పేరున 'ఖాళీ సీటు' అని పడుతుంది. ఖాళీ సీట్లు ఎక్కువైతే ఆ నెల భత్యం పోతుంది. అందుకని ఆయన నీళ్లు తాగడం మానేశారు.

"రేవులో దిగి వెళ్లిరావచ్చు కదండీ" అన్నాను.

"తలుపులు తెరుచుకుంటే ఒక జనం దిగుతారు, ఇంకో జనం ఎక్కుతారు. అవి మూసుకునేలోపు నేను సీట్లో ఉండాలి. నాకేమన్నా రెక్కలున్నాయా?" అని నవ్వారు.

నవ్వేటప్పుడు చెయ్యి నడుము మీద వేసుకున్నారు. అది నాకు నచ్చలేదు.

పై వాటాలో ఉండే జిలానీ అన్నయ్య గారికి మార్కెట్టు బండి పడింది, వరసగా రెండో వారం. మార్కెట్టు బండికి అడుగడుగునా స్టాపే, చివర్లో షెడ్డు, షెడ్డు పక్కనే మరుగుదొడ్డి. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. మా ఆయన ఒక్క సెలవు కూడా ఎక్కువ పెట్టలేదు. మరి ఆయనకి అది, ఈయనకి ఇది ఎందుకు? నూనె సీసాలో నూనె తగ్గితే ఎందుకు తగ్గిందో తేలేదాకా నాకు నిద్ర పట్టదు. ఇదీ అంతే.

బుధవారం. క్యారేజీలో: అన్నం, కంద బచ్చలి, చారు, పెరుగు.

ఒకప్పుడు డ్యూటీ చార్టు డిపో గుమాస్తా కామేశం గారు రాసేవారు. ఆ రోజుల్లో అన్యాయం ఎక్కడుందో అందరికీ తెలుసు. పనసకాయ పట్టుకెళ్లినవాళ్లకి మార్కెట్టు బండి, వట్టి చేతులతో వెళ్లినవాళ్లకి వారధి బండి. ఇప్పుడు చార్టు ఎవరూ రాయరు. ఆదివారం సాయంత్రం దానంతట అదే ప్రతి ఇంట్లో గోడ మీది పలకలో కనిపిస్తుంది. పనసకాయ ఎవరికివ్వాలో తెలియదు.

అయినా ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. నా అనుమానం ముందుగా జిలానీ అన్నయ్య గారి భార్య మెహర్ వదిన మీదికే పోయింది. ఆవిడ జల్లెడ నా దగ్గరే ఉండిపోయింది, ఆ వంకతో మేడెక్కాను.

తలుపు తీసిన ఆవిడ కుడిచేతికి మణికట్టు దాకా గుడ్డ చుట్టి ఉంది.

"ఏమైంది వదినా?"

"నూనె ఒలికింది. చాలా రోజులైంది. వీధి వీధంతటికీ తెలుసు, కింద వాటాకే తెలియదు" అని పొడిచింది.

"మరి అన్నయ్య గారి క్యారేజీ?"

"ఆయనే వండుకుంటున్నారు. వండుకోవడమంటే ఏముంది, అన్నం, ఆవకాయ. నాలుగు గిన్నెల్లో రెండు ఖాళీ. మొన్న కోడిగుడ్లు పొయ్యి మీద పెట్టి మరిచిపోయారు. నీళ్లు ఇగిరిపోయి గుడ్డు పేలింది. అదిగో, పైకి చూడు."

వంటింటి కప్పు మీద నిజంగానే పచ్చటి మరక ఉంది.

"మార్కెట్టు బండి పడిందటగా" అన్నాను, జల్లెడ అందిస్తూ, ఆవిడ ముఖం చూస్తూ.

"అల్లా దయ. చెయ్యి కాలినందుకు పైవాడిచ్చిన పరిహారం అంటారు ఈయన. కాలింది నా చెయ్యి, పరిహారం ఆయనకి. చూశావా న్యాయం?"

ఇంట్లో కొత్త వస్తువేమీ కనిపించలేదు. ఆవిడ కళ్లలో దాపరికమూ కనిపించలేదు. చెయ్యి మానేదాకా అన్నయ్య గారి క్యారేజీలోకి కూరా పప్పూ నేనే పంపుతానని చెప్పి మెట్లు దిగాను. అనుమానం కూడా నాతోపాటే దిగొచ్చింది.

శుక్రవారం. క్యారేజీలో: అన్నం, వంకాయ కూర, పెసరపప్పు, పెరుగు. పై వాటాకీ అదే.

మధ్యాహ్నం డిపో నుంచి ఎవరో ఆయన్ని ఆటోలో తీసుకొచ్చి దింపారు. రేవు నుంచి తిరిగొస్తుండగా నడుంలో పోటు మొదలైందట. సీటు వదలకుండా అలాగే పళ్లు బిగబట్టుకుని బండి డిపోకి చేర్చారు. చొక్కా పిండితే చెమట కారేట్టుంది.

డిస్పెన్సరీలో డాక్టరమ్మ తెర మీద చూపించింది. మూత్రపిండంలో రాయి.

"నీళ్లు బాగా తాగాలి" అంది.

"తాగితే లేవాలండి" అన్నారు ఈయన.

"లేవండి."

"లేస్తే బండి ఆగుతుందండి."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "నూకరాజు గారూ, మీ డిపో నుంచి ఈ నెల్లో నా దగ్గరికి వచ్చిన వాళ్లంతా ఇదే మాట చెప్పారు. ఇంకోసారి ఇలా వస్తే, జ్వరం కూడా తోడైతే, మీ ఫిట్‌నెస్ కాగితం మీద నేను సంతకం పెట్టలేను."

ఫిట్‌నెస్ పోతే ఉద్యోగం పోతుంది. మా అమ్మాయి నర్సింగు ఫీజు డిపోయే కడుతోంది. అది చదువు పూర్తి చేసేదాకా ఈయన ఉద్యోగంలో ఉండాలని కాగితం రాసిచ్చాం. డ్రైవర్లు నిలవడం లేదని పెట్టిన పథకం అది. మానేస్తే కట్టిందంతా తిరిగి కట్టాలి. మానలేరు, ఇలాగే నడపనూ లేరు.

దారిలో అరటిదూట కొన్నాను. రాళ్లకి మంచిదంటారు. రేపటి క్యారేజీ నుంచే అదీ, బార్లీ జావా.

ఆదివారం.

చార్టు వచ్చింది. ఈయనకి మళ్లీ తొమ్మిది, ఈసారి రెండు పూటలా. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం, మధ్యలో జీతం లేని ఖాళీ. జిలానీ అన్నయ్య గారికి కూడా మార్కెట్టు పోయి తొమ్మిది పడింది.

"పరిహారం అయిపోయిందన్నమాట" అని పైనుంచి మెహర్ వదిన గొంతు వినిపించింది.

మా ఆయన పలక వైపు చూసి, చేతిలో గ్లాసు తాగకుండానే కింద పెట్టారు. 

మంగళవారం. క్యారేజీలో: అన్నం, అరటిదూట పెరుగుపచ్చడి, మునక్కాడల పప్పుచారు, బార్లీ జావ. పై వాటాకీ అదే.

"ఇలాగే ఉంటే అరటిచెట్టు వేళ్లతో సహా తినిపించేట్టున్నావ్" అన్నారు ఆయన. కానీ తిన్నారు. గిన్నెలన్నీ ఖాళీ. సీసా మాత్రం నిండుగా.

క్యారేజీల విషయం ఇక్కడ ఒకసారి రాసుకోవాలి. పొద్దున పదింటికి క్యారేజీల బండి మా క్వార్టర్స్ వీధి చివర ఆగుతుంది. ఎవరి క్యారేజీకి వాళ్ల ఇత్తడి బిళ్ల ఉంటుంది. డిపోలో వాటిని వేడి బీరువాలో పెడతారు, తినే వేళకి పొగలు కక్కుతూ బయటికి వస్తాయి. కూర పులిస్తే ఆ బీరువా వాసన పట్టేస్తుందట. యూనియను వాళ్లు అడిగింది వారధి మీద మరుగుదొడ్డి, ఇచ్చింది వేడి బీరువా. అందరూ సంతోషించారు, నేను కూడా.

నెలాఖరులో ఇంట్లో నేను మజ్జిగన్నం, పచ్చి ఉల్లిపాయతో సరిపెట్టుకుంటాను. క్యారేజీ మాత్రం నాలుగు గిన్నెలూ నిండి వెళ్లాల్సిందే. వంటింటి తలుపు మన కోసం తెరుచుకుంటుంది, క్యారేజీ మూత పదిమందిలో తెరుచుకుంటుంది అనేది మా అమ్మ. ఈ వీధిలో ఆడవాళ్లందరి అమ్మలూ అదే చెప్పి ఉంటారు.

గురువారం. క్యారేజీలో ఏం వెళ్లిందో నేను చూడలేదు.

నిన్నటి నుంచి నాకు జ్వరం. ఆయనే అన్నం వండి, రాత్రి మిగిలిన చారు పోసి పట్టుకెళ్లారు. పై వాటాకి మళ్లీ ఆవకాయే గతి. మెహర్ వదిన ఎడమచేత్తో గంజి కాచి తెచ్చింది. సగం మెట్ల మీద ఒలికింది.

"ఒకరికి చెయ్యి లేదు, ఒకరికి ఒళ్లు లేదు. మన ఇద్దరినీ కలిపితే ఒక మనిషి అవుతాం" అంది.

ఆదివారం.

జ్వరం దిగింది. చార్టు వచ్చింది.

ఈయనకి మార్కెట్టు బండి. ఒంటి పూట. జిలానీ అన్నయ్య గారికి కాలువగట్టు బండి, అది కూడా మంచిదే.

"నీ జ్వరం దిగింది, నా తొమ్మిదీ దిగింది" అని ఈయన సంబరపడ్డారు. నేను సంబరపడలేదు. మంచం మీద కూర్చుని వెనక్కి లెక్క వేశాను.

మెహర్ వదిన చెయ్యి కాలి వంట ఆగిపోయినప్పుడు పై వాటాకి మార్కెట్టు. నేను పప్పు, కూర పంపిన వారం మార్కెట్టు పోయి తొమ్మిది పడింది. అదే వారం మా క్యారేజీలోకి అరటిదూట, బార్లీ చేరాయి, మాకు తొమ్మిది రెండు పూటలైంది. నేను జ్వరంతో పడుకున్నాను, పైకీ కిందికీ కూర ఆగిపోయింది. పైకీ కిందికీ మంచి బళ్లు వచ్చాయి.

ఇద్దరు మగవాళ్ల డ్యూటీ నా ఒక్క పొయ్యి చుట్టూ తిరుగుతోంది. నా పొయ్యి సంగతి చార్టుకి ఎవరు చెబుతున్నారు? ఇంట్లో గోడ పలకకి గుడ్డ కప్పాను. మళ్లీ తీసేశాను. పలకకి ముక్కు లేదు. ముక్కున్నది ఒక్క వేడి బీరువాకే.

సోమవారం. క్యారేజీలో: అన్నం, నీళ్ల చారు. అంతే.

మూత పోయిందన్న వంకతో డిపోకి వెళ్లాను. వేడి బీరువా ఇప్పుడు కామేశం గారి చేతిలో ఉంది. చార్టు పోయాక ఆయన్ని దాని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. గోడ వెడల్పున ఉంది బీరువా. ప్రతి అరకీ వెనక సన్నటి చిల్లుల పలక.

"కామేశం గారూ, ఇది వాసన చూస్తుందటగా?"

"చూస్తుందమ్మా. పాడైన కూర తిని ఒకాయన వారధి మీద కళ్లు తిరిగి పడ్డాడు కదా, ఆ తరవాత పెట్టించారు. పులిసిన వాసన వస్తే ఎర్రదీపం వెలుగుతుంది."

"పులిసిందా లేదా అన్నదొక్కటే చూస్తుందా?"

ఆయన స్టూలు మీద అటూ ఇటూ కదిలారు. "మీ మూత ఎలా ఉంటుందన్నారు?"

"నా మూత ఇంట్లోనే ఉంది కామేశం గారూ. మా ఆయనకి రాయి ఉంది. ఇంకోసారి పడిపోతే ఉద్యోగం లేదు. మీకు తెలిసింది చెప్పండి. పనసకాయ తేలేదు, ఏమనుకోకండి."

ఆయన నవ్వారు. తరవాత నవ్వు ఆపేశారు.

"చెల్లెమ్మా, నాకు ఎవరూ ఏమీ చెప్పరు. ఇది బిగించినప్పుడు హెడ్డాఫీసు నుంచి వచ్చినాయన టీ తాగుతూ అన్న మాట చెబుతాను. డ్రైవర్లు మానేస్తున్నారు. కొత్తవాళ్లు నిలవట్లేదు, పాతవాళ్లు సరుకుల బళ్ల కంపెనీలకి పోతున్నారు. అందరికీ జీతం పెంచే ఉద్దేశం లేదు. ఎవడు పోబోతున్నాడో ముందే తెలిస్తే వాణ్ణొక్కణ్ణే బుజ్జగించుకోవచ్చు. ఎలా తెలుస్తుంది? మనిషి నోటితో చెప్పడు. ఇంట్లో అనుకుంటాడు. ఇంట్లో ఆ మాట అనుకున్న రోజు నుంచి క్యారేజీ మారిపోతుందట. బెంగతోనో, పోట్లాటతోనో, రేపటి కోసం పొదుపు చేసో వంట తగ్గుతుంది. అది కనిపెట్టింది ఈ బీరువా."

"అయితే వంట తగ్గినవాళ్లకి మంచి బండి."

"పోయేవాణ్ణి పట్టుకోవాలి కదమ్మా."

"వంట తగ్గనివాళ్లకి?"

"ఎలాగూ పోరు కదా. వారధి మీద ఎవరో ఒకరు కూర్చోవాలి." ఆయన బీరువా అంచు మీద దుమ్ము తుడిచారు. "నేను తెచ్చినవాడి వైపు చూసేవాణ్ణి. ఇది పోయేవాడి వైపు చూస్తుంది. ఉండిపోయేవాడి వైపు అప్పుడూ ఎవరూ చూడలేదు, ఇప్పుడూ చూడట్లేదు."

గేటు దాటి ఇంటికి నడిచాను. ఇన్నేళ్లూ నేను పోపు మాడకుండా చూసుకున్నది, గిన్నె నిండకపోతే నా పళ్లెంలోది అందులో వేసింది, ఇదంతా ఈయన ఎక్కడికీ పోరని నేనే రోజూ సంతకం పెట్టి పంపినట్టయింది.

బుధవారం. క్యారేజీలో: అన్నం, పోపు లేని పప్పు.

సాయంత్రం ఆయన క్యారేజీని గట్టిగా పెట్టారు. చప్పుడయ్యేలా పెట్టడం ఆయనకి అలవాటు లేదు.

"అందరూ చూశారు. 'ఏం నూకరాజూ, ఇంట్లో గొడవా?' అని జిలానీ తన గిన్నెలోంచి నాకు కూర వడ్డించాడు. మెహర్ చెల్లెమ్మ చెయ్యి మాని మళ్లీ వండుతోంది కదా, వాడి కూర నేను తినాల్సొచ్చింది."

విషయం మొత్తం చెప్పాను. నమ్మలేదు.

"బీరువాకి అంత తెలివుంటే తొమ్మిదో నంబరు అదే నడుపుకోవచ్చు కదా."

"ఇవాళ సీసా సగం ఖాళీ అయింది" అన్నాను.

ఆయన సీసా వైపు చూశారు. మార్కెట్టు బండిలో ఆయన నీళ్లు తాగుతున్నారు. నడుము మీద చెయ్యి వేసుకోవడం మానేశారు.

"ఇంకొన్నాళ్లు ఇలాగే తినండి. ఇంటికొచ్చాక బాగా పెడతాను" అన్నాను.

"పెళ్లాం దొంగచాటుగా అన్నం పెట్టడం ఎక్కడా వినలేదు" అన్నారు, కానీ కూర్చున్నారు. చేపల పులుసు పెట్టాను.

మెహర్ వదినకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలిస్తే అందరూ పప్పులో పోపు మానేస్తారు, అప్పుడు ఇది పనిచెయ్యదు. అలా అనుకున్నాను కాబట్టి అలాగే రాస్తున్నాను.

శనివారం. క్యారేజీలో: అన్నం, పచ్చిమిరపకాయ పచ్చడి.

మధ్యాహ్నం మార్తమ్మ గారు వచ్చారు. చివరి ఇంట్లో ఉంటారు. ఆవిడ కూతురు ఎస్తేరు మా డిపోలో డ్రైవరు, చేరి ఏడాది అయింది.

"సత్యవేణమ్మా, నువ్వు అరటిదూట ఎక్కడ కొంటావమ్మా?"

"ఎవరికండీ?"

"మా ఎస్తేరుకి. మంట అంటోంది. తొమ్మిదో నంబరు పడింది కదా. మగవాళ్లకే దిక్కు లేదు, ఆడపిల్ల ఏం చేస్తుంది? పొద్దున లేచింది మొదలు చుక్క నీళ్లు ముట్టట్లేదు. నేను చూసినప్పుడల్లా పెదవులు తడి చేసుకుని తాగినట్టు నటిస్తోంది."

"తొమ్మిది ఎప్పటినుంచి పడుతోందండీ?"

"మీ ఆయనకి తప్పిన వారం నుంచి."

నేను కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాను. బెండకాయ చేతిలోనే ఉండిపోయింది.

"పంపడానికి మాత్రం లోటు చెయ్యట్లేదమ్మా" అన్నారు ఆవిడే మళ్లీ. "మగదిక్కు లేని ఇల్లని ఎవరూ జాలిపడకూడదని నాలుగు గిన్నెలూ నింపుతాను. మొన్న రొయ్యల ఇగురు కూడా పెట్టాను. ఒంట్లో బాగాలేదు కదా, ఇంకా బాగా పెట్టాలని."

నేనూ సరిగ్గా అదే చేశాను. అరటిదూట వేసి, బార్లీ కాచి, ఆయన్ని రెండు పూటలా వారధి ఎక్కించాను.

బెండకాయ పక్కన పెట్టి, ఆవిణ్ణి పీట మీద కూర్చోమని, అంతా చెప్పాను. నేను ఎప్పటినుంచి ఎరుగుదునో అది కూడా చెప్పాను. 

"దూట మాత్రం ఇవ్వు" అన్నారు లేస్తూ. "సాయంత్రం అందరినీ పిలువు."

ఆదివారం.

నిన్న సాయంత్రం క్యారేజీల బండి ఆగే అరుగు మీద కూర్చున్నాం, వీధిలో ఆడవాళ్లమంతా. చెప్పడం పూర్తికాకుండానే మెహర్ వదిన నా మీద పడింది.

"అంటే నా ఇంటికి పప్పు తెచ్చి మా ఆయన్ని వారధి ఎక్కించింది నువ్వా?"

"అప్పుడు తెలియదు వదినా."

"తరవాత తెలిసింది కదా. తెలిసి మీ ఆయనకి పోపు మానేశావ్. ఆ పోపు మానెయ్యమని నాకొక మాట చెబితే నీ నోట్లో ముత్యాలు రాలతాయా?"

తల ఊపి ఒప్పుకున్నాను. ఆవిడ "పప్పు మాత్రం బాగుంది. అందుకే ఎక్కారు" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను గానీ ఊపిరి పీల్చుకున్నాను.

"అయితే రేపటి నుంచి వీధి వీధంతా ఆవకాయ అన్నమే పంపుదాం" అంది ఆవిడే.

"ఎన్నాళ్లు?" అన్నారు మార్తమ్మ గారు. "పొద్దస్తమానం సీట్లో కూర్చునేవాళ్ల కడుపు మాడ్చి బీరువాకి బుద్ధి చెబుతామా? దానికి ఆకలి లేదు, వాళ్లకుంది. పైగా మన వీధి వాళ్లే పోతారనుకుంటే ఇంకో వీధి వాళ్లని వారధి ఎక్కిస్తుంది."

అప్పుడు నాకు తోచింది చెప్పాను. బీరువాకి మన రుచి తెలియదు, మన ఇల్లు తెలుసు. బిళ్లని బట్టి ఇల్లు గుర్తుపడుతుంది, నిన్నటి వాసనతో ఇవాళ్టి వాసన పోల్చుకుంటుంది. వంట ఎవరూ తగ్గించొద్దు. గిన్నెలు మారుద్దాం. ఒక క్యారేజీలో అన్నం ఒక ఇంటిది, కూర ఇంకో ఇంటిది, పప్పు మరో ఇంటిది. రోజూ మారాలి. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఏ ముక్కుకీ అందకూడదు.

"మా ఇంటి మాంసం నీ మొగుడి గిన్నెలోకి వస్తే?" అంది మెహర్ వదిన.

"వస్తే తింటారు. ఏళ్ల తరబడి మీ మేడ మీంచి వాసన పీలుస్తున్నారు."

ముట్టనివాళ్లు రెండిళ్ల వాళ్లున్నారు. నీచు ఉన్న గిన్నె చెవికి ఎర్రదారం కట్టాలనుకున్నాం. వెనక వీధి వాళ్లకి చెప్పే పని మెహర్ వదిన తీసుకుంది. రాత్రికల్లా మగవాళ్లకీ, ఎస్తేరుకీ కూడా చెప్పేశాం.

గురువారం. క్యారేజీలో: అన్నం మాది. మిగతాది తెలియదు.

పొద్దున అరుగు మీద గిన్నెల చప్పుడు పెళ్లిపందిరిలా ఉంది. రెండు వీధుల క్యారేజీలూ విప్పి, కలిపి, మళ్లీ పేర్చాం. ఒక క్యారేజీలో మూడు పప్పులు పడ్డాయి. ఎవరిదో తెలుసుకుని క్షమాపణ చెప్పాలి.

సాయంత్రం ఈయన లెక్క అప్పజెప్పారు. "కూరలో ఇంగువ వేశారు, అది మార్తమ్మ గారి చెయ్యి. చారులో వెల్లుల్లి లేదు, అది ఎవరో తెలియలేదు. జిలానీకి నీ గోంగూర పడింది, ఇంటికొచ్చేదాకా దాని గురించే మాట్లాడాడు. ఇన్నాళ్లూ మెహర్‌ చెల్లెమ్మ అలా ఎందుకు వండట్లేదో అడుగుతాడట."

"అడగమనండి. కప్పు మీద రెండో మరక పడుతుంది" అన్నాను.

ఆదివారం.

చార్టు రాలేదు. సాయంత్రమంతా పలక నల్లగా ఉంది. దీపాలు పెట్టే వేళకి కామేశం గారు స్వయంగా నడిచి వచ్చారు. చేతిలో కాగితం, పెన్ను.

"ఏం చేశారమ్మా మీరంతా? హెడ్డాఫీసులో గగ్గోలుగా ఉంది. ఒక్క క్యారేజీ కూడా నిన్నటిలా ఉండట్లేదు, డిపోలో ఒక్కరు మిగలకుండా అందరూ మానేయబోతున్నారని చూపిస్తోందట. ఒక డ్రైవరుని కొత్తగా తయారు చెయ్యడానికి ఎంతవుతుందో వాళ్లకి తెలుసు. రేపొస్తున్నారు. ఈలోపు చార్టు చేత్తో రాయమన్నారు. ఎలా రాయమంటారు?"

"వంతులేసి రాయండి" అన్నారు మార్తమ్మ గారు. "తొమ్మిది అందరికీ రావాలి, ఒక్క వారం మించి ఎవరికీ రాకూడదు."

"పనసకాయ లేదా?" అన్నారు ఆయన.

"మీకు భోజనం ఉంది. ఏ ఇంటి కూర కావాలో చెప్పండి."

సోమవారం. క్యారేజీలో: పులిహోర మాది.

ఆఫీసరు వచ్చాడు. చల్లటి కారు, ఇస్త్రీ చొక్కా, మంచి మాట. భత్యం కొంచెం పెంచుతామన్నాడు.

"పెంచండి, వద్దనం. కానీ దాహం వేస్తే భత్యం తాగుతారా?" అంది మెహర్ వదిన.

వారధి మధ్యలో పాత లైట్‌హౌసు ఉంది, నీళ్లలోంచి సగం పైకి తేలి. అక్కడ ఒక ఆగే చోటు కావాలి, మరుగుదొడ్డి కావాలి, అక్కడ లేచినందుకు ఖాళీ సీటు పడకూడదు. ఈ మూడూ ఎస్తేరే చెప్పింది, నిలబడి, తల దించుకోకుండా. పక్కన మా ఆయన నిలబడ్డారు.

"కష్టమండీ" అన్నాడు ఆఫీసరు.

"అయితే మానేస్తారేమో మరి" అన్నారు మార్తమ్మ గారు. "మీ బీరువాయే చెబుతోందిగా."

కుదిరేదాకా గిన్నెలు మారుస్తూనే ఉంటామని ఆఫీసరుకి చెప్పలేదు. మాలో మేము చెప్పుకున్నాం.

శ్రావణ శుక్రవారం. క్యారేజీలో: పాలు పోసిన ఆనపకాయ కూర మాది. మిగతాది ఎవరిదో.

లైట్‌హౌసు దగ్గర రేకుల గది లేచింది, బండి ఆగే గీత గీశారు. ఈ వారం తొమ్మిది మా ఆయన వంతు. డాక్టరమ్మ రాయి చిన్నదైందని చెప్పి కాగితం మీద సంతకం పెట్టింది.

నిన్న డిపో వాళ్లు ఇంటింటికీ వచ్చి డ్రైవర్ల కుటుంబాలకి కానుక అని కొత్త నీళ్ల సీసాలు పంచారు. రోజంతా చల్లగా ఉంచుతాయట. తేలిగ్గా ఉంది, అందంగానూ ఉంది. తిరగేసి చూశాను. అడుగున, బీరువా అరల వెనక ఉన్నట్టే, సన్నటి చిల్లుల పలక ఉంది.

పాత సీసాలోనే నీళ్లు నింపి పంపాను. సాయంత్రం ఖాళీగా తిరిగొచ్చింది. బోర్లించి చూశాను, చుక్క లేదు. కరివేపాకు మొక్కకి ఇవాళ నేనే వేరే నీళ్లు పోయాల్సొచ్చింది.

కొత్త సీసాలో ధనియాలు పోసి అటక మీద పెట్టాను. అవి ఎన్ని నీళ్లు తాగుతాయో, ఎప్పుడు మానేస్తాయో హెడ్డాఫీసుని లెక్క కట్టుకోమను.